పిలవకముందే వచ్చే మాట

మా అప్పకి మాట తిరిగొచ్చిన రోజున ఆమె నోట వెలువడిన మొదటి పదం "కానాగంత".

దేవుడి పేరు కాదు, మొగుడి పేరు కాదు. ఆమె కోసం తిండీ తిప్పలూ మానేసి ప్రోగ్రాములు రాసిన ఈ తమ్ముడి పేరు అసలే కాదు. చేప పేరు! ఋషికొండ మీద మా ప్రయోగశాలలో, సముద్రం కనిపించే కిటికీ పక్కన మంచం మీద లేచి కూర్చుని, పొద్దుటి వెలుగుకి కళ్లు చికిలించుకుంటూ, ఎక్కడా తడబడకుండా "కానాగంత" అంది. ఆ వెంటనే "వంజరం, చందువ, పండుగొప్ప, గంప, ఐసు, కాళ్లడ్డం తీయండ్రా" అంటూ వరసగా అందుకుంది. డాక్టర్ రజియా నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయారు. నేను ఏడ్చాను. అంతమంది ఉద్యోగుల ముందు, ముక్కు చీదుకుంటూ మరీ ఏడ్చాను.

అప్ప అంటే మా వైపు పెద్దక్క. పేరు కాసులమ్మ. విశాఖపట్నం చేపల రేవులో ఆమెని ఎరగనివాళ్లు లేరు. మరబోట్లు తిరిగొచ్చి జెట్టీ మీద చేపలు కుప్పలు పోస్తే, ఆ కుప్ప పక్కన నిలబడి వేలం పాడేది మా అప్పే. చుట్టూ పాతికమంది కొనేవాళ్లు మూగుతారు. ఒకడు వేలెత్తుతాడు, ఒకడు కనుబొమ్మ ఎగరేస్తాడు, ఒకడు దగ్గుతాడు. అవన్నీ ఒక్క చూపులో పట్టుకుని, పాట ఆగకుండా, మధ్యలో ఐసు దొంగిలించే కుర్రాడిని తిడుతూ, బేరం తెంచేసేది. ఆలస్యమైతే చేప మెత్తబడుతుంది, మనిషి పక్క కుప్పకి పోతాడు. అందుకని ఆమె నోరు ఎప్పుడూ మనిషి కంటే ఒక అడుగు ముందుండేది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. చెయ్యి తొందరగానే స్వాధీనంలోకి వచ్చింది. మాట రాలేదు. రాలేదంటే బొత్తిగా పోలేదు, అదే అసలు బాధ. మాటలన్నీ లోపల ఎక్కడివక్కడే ఉన్నాయని, వాటి దాకా వెళ్లే దారులే ఇరుకైపోయాయని డాక్టర్లు చెప్పారు. నీళ్లు కావాలని "నీ..." అని మొదలెట్టేది. మిగతా సగం వచ్చేసరికి ఎవరో ఒకరు చెంబు తెచ్చి ఇచ్చేసేవారు. రేవులో అయితే మరీను. ఆమె "వ..." అనగానే "వంజరమా అప్పా?" అని ఒకడు, "వలా?" అని ఒకడు, "వద్దంతన్నావా?" అని ఇంకొకడు. అందరూ మంచివాళ్లే, అందరూ ఆమె మీద అభిమానంతోనే మాట అందించేవాళ్లు. ఆమెకి ఒళ్లు మండిపోయేది. తిడదామంటే తిట్టడానికీ మాటలే కావాలి కదా. చివరికి రేవుకి వెళ్లడమే మానేసింది.

ఇక నా సంగతి. నా పేరు ఎల్లాజీ. ఉత్తరాలు రాసుకునే, లెక్కలు వేసుకునే, ఆఫీసుల్లో అందరూ వాడే సాఫ్ట్‌వేర్ ఉంటుంది చూడండి, దాన్ని త్వరగా తెరుచుకునేలా చెయ్యడం నా ఉద్యోగం. అంతకు మించి ఏమీ లేదు. మనిషి తెర మీది బొమ్మని నొక్కిన తరవాత రెండు రెప్పపాట్లు ఆలస్యమైతే కంప్యూటర్‌ని శాపనార్థాలు పెడతాడు. అందుకని అతను నొక్కకముందే ఆ సాఫ్ట్‌వేర్‌లో సగాన్ని డిస్కులోంచి మెమరీలోకి తెచ్చి, లేపి కూర్చోబెట్టి ఉంచుతాం. నొక్కగానే తలుపు తీసినట్టు తెరుచుకుంటుంది. "అబ్బ, ఎంత వేగమో" అనుకుంటాడు. వేగం కాదు నాయనా, ముందే వచ్చి కాచుకు కూర్చుంది, అంతే.

ఇదే ముక్క డాక్టర్ రజియా గదిలో ఒకసారి వాగాను. ఆవిడ అప్పకి వైద్యం చేసే మెదడు నిపుణురాలు. చీటీ రాయడానికి ఆవిడ కంప్యూటర్‌లో నొక్కగానే కాగితం తెరుచుకుంది. ఉద్యోగ గర్వం ఊరుకోనివ్వదు కదా, దాని వెనక కథ చెప్పాను. ఆవిడ చీటీ రాయడం ఆపేసి నా వైపు చూశారు.

"ఎల్లాజీ, మాటల్ని కూడా అలా ముందే లేపి ఉంచగలమా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ మాటే మమ్మల్ని ఋషికొండ మీదికి తీసుకొచ్చింది.

ఆవిడ చేసిన పరికరం చెవి వెనక అంటించే చిన్న బిళ్ల. మెదడులో మాటలు పడుకున్న చోట్లని సన్నగా తట్టి లేపుతుంది. ఏ మాటని, ఎప్పుడు, ఎంతసేపు లేపి ఉంచాలో దానికి చెప్పే ప్రోగ్రాము నాది. దానికి 'మేలుకొలుపు' అని పేరు పెట్టాం. మొదలుపెట్టేముందే రజియా మేడం ఒక హెచ్చరిక చేశారు. "మేలుకుని ఉన్న మాటకి రక్తం కావాలి, చోటు కావాలి. మెదడులో చోటు ఊరికే రాదు. ఒకదాన్ని లేపి కూర్చోబెడితే ఇంకోదాని చోటు తగ్గుతుంది. అది గుర్తుపెట్టుకో." నేను బుద్ధిగా తలూపాను. మెమరీ ఊరికే రాదని నాకు కొత్తగా చెప్పాలా అనుకున్నాను.

మేలుకొలపడానికి నాకు తెలిసిన పద్ధతులు మూడు. మూడు రకాల కంప్యూటర్లు నేర్పినవే. మొదటిది విండోస్‌లో మేం చేసేది. మిషను ఆన్ అవుతూనే మా సాఫ్ట్‌వేర్ కూడా దానితో పాటు లేచి, గడియారం పక్కన మూలలో చిన్న బొమ్మై కూర్చుంటుంది. అప్పకీ అదే చేశాను. నిద్ర లేస్తూనే ఆమె మాటలన్నీ ఒక్కసారి లేవాలి. ఆ పొద్దున్న వచ్చినదే ఆ కానాగంత.

మా సంబరం మధ్యాహ్నానికే చల్లారింది. అన్ని మాటలూ ఒకేసారి లేవడంతో అప్ప మంచం దిగలేకపోయింది. తల పగిలిపోతోందని కణతలు నొక్కుకుంది. అవసరం ఉన్నవీ లేనివీ అన్నీ గుమ్మంలో తోసుకుంటుంటే, కావలసిన మాట ఒక్కటీ బయటికి రాదు. ఆన్ చెయ్యగానే లేచేవి ఎక్కువైతే కంప్యూటర్ కూడా ఇలాగే మూలుగుతుంది.

రెండోది మ్యాక్ దగ్గర నేర్చుకున్నది. అక్కడ తెర మీద కిటికీ మూసినా లోపలి సాఫ్ట్‌వేర్ పడుకోదు. మీరు పొమ్మని చెప్పేదాకా మేలుకునే ఉంటుంది, మళ్లీ అడిగితే వెంటనే లేచొస్తుంది. ఈసారి పొద్దున్న ఏ మాటనీ లేపలేదు. అప్ప కష్టపడి ఒకసారి అన్న మాటని మాత్రం వదలకుండా పట్టి ఉంచమన్నాను. పొద్దున్న నిదానంగా మొదలై, పది గంటలకల్లా చక్కగా మాట్లాడింది. నాకు ఉత్సాహం వచ్చి బావని కూడా పిలిపించాను. నూకరాజు బావ బోటు నడిపే సరంగు. సముద్రంలో ఎంత ధైర్యమో ఆస్పత్రి వాసనంటే అంత భయం. గుమ్మం దగ్గరే ఆగి, "ఏటే, ఎలాగున్నావు?" అన్నాడు.

"ఎదవ కాకి, ఎల్లిపో ఇక్కణ్నించి!" అంది అప్ప.

బావ ముఖం వెలవెలబోయింది. పాపం అప్ప తనూ అదిరిపడి రెండు చేతులతో నోరు మూసుకుంది. పొద్దున్న కిటికీ మీద వాలిన కాకిని అలా తోలింది. ఆ మాట పడుకోకుండా లోపలే నిలబడి ఉంది, దొరికిన సందులోంచి బయటికి దూకింది. సాయంత్రానికి ఆమె నోట్లో పొద్దుటి నుంచి వాడిన మాటలన్నీ కిక్కిరిసిపోయాయి. బావ మాత్రం గుమ్మం దాటి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. "పోన్లే, నన్ను తిట్టడానికైనా నోరొచ్చింది" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు చూసి నేను కిటికీ వైపు తిరిగాను.

మూడోది లినక్స్ లోకంలోది. అక్కడ ఒక చిన్న ప్రోగ్రాము ఎవరి కంటా పడకుండా కూర్చుని, మీరు దేని తరవాత ఏది తెరుస్తారో రోజూ గమనిస్తుంది. ఆ అలవాటుని బట్టి, రాబోయేదాన్ని ముందే మెమరీలోకి తెస్తుంది. ఇంకెవరికైనా చోటు కావలసొస్తే, ఎక్కువగా వాడనిదాన్ని పక్కకి జరిపేస్తుంది. తెలివైనది, మర్యాదస్తురాలు. అప్పకి అదే తగిలించాను. ఆమె పక్కన ఎవరు ఏమంటున్నారో బిళ్ల వింటుంది, ఏ మాటకి ఆమె ఏ మాట బదులిస్తుందో నేర్చుకుంటుంది, ఆ బదుల్ని ముందే లేపి ఉంచుతుంది. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ తరవాత ఒక పొద్దున్న, "ఒరే ఎల్లాజీ, నన్ను రేవుకి తీసుకెల్లు" అంది అప్ప, మామూలుగా, ఏదో బజారుకి వెళ్లొద్దామన్నట్టు.

ఆ రోజు జెట్టీ మీద నేను చూసింది చెప్పడానికి నా భాష చాలదు. చందువ కుప్ప పోశారు. అప్ప చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, కుప్ప పక్కన నిలబడి గొంతెత్తింది. పాట పాత వేగంతోనే మొదలైంది. కాసేపటికి ఆ వేగాన్ని దాటిపోయింది. కొనేవాడు పెదవి కదిపేలోపే అతని ధర ఆమె పాటలోకి వచ్చేస్తోంది. వేలు ఇంకా గాల్లోకి లేస్తుండగానే బదులు పడిపోతోంది. జనం ఒకరినొకరు చూసుకున్నారు. ఐసు కొట్టేవాళ్లు కొట్టడం ఆపేశారు.

"ఏటప్పా, నాను అడక్కముందే సెప్పీసినావు!" అన్నాడొక వ్యాపారి, బెదిరిపోయి.

"నీ ముకం సూస్తే తెల్దేటి? తియ్యి, తియ్యి, గంపెత్తు!"

మెమరీలోకి నాలుగు ఫైళ్లు ముందే లాక్కొచ్చే నా చిన్న ఉపాయం, ఒక మనిషి నాలుక మీద ఇలా తాండవమాడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. రజియా మేడం నా భుజం పట్టుకుని, "మనం ఏం చేశాం ఎల్లాజీ?" అన్నారు మెల్లగా. ఆవిడ గొంతులో ఆనందమూ ఉంది, జంకూ ఉంది. ఆ జంకుని నేను పట్టించుకోలేదు.

ఇంట్లో మాత్రం చిన్న మార్పు వచ్చింది. బావ వేటకి వెళ్లొస్తే అక్కడి కబుర్లు చెప్పడం అలవాటు. చెప్పినవే చెబుతాడు, కొంచెం ఉప్పూ కారం ఎక్కువ వేసి. "మొన్న కాకినాడ దాటినాక ఏటైందంతే..." అని మొదలెట్టగానే, "ఇంజను ఆగిపోనాది, నువ్వొక్కడివే బాగుసేసినావు, తెలుసులే" అని అప్ప నోటి నుంచి బదులు వచ్చేసేది. కావాలని కాదు. మాట సిద్ధంగా ఉంది, వచ్చేసింది. ఒకటి రెండు సార్లు నవ్వుకున్నాం. తరవాత బావ కబుర్లు చెప్పడం తగ్గించాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, అరుగు మీదికి వెళ్లి కూర్చునేవాడు.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. అప్పకీ బావకీ ఒక్కడే కొడుకు. మూడేళ్ల కిందట తుపానులో బోటు తిరగబడి వాణ్ని సముద్రం తీసేసుకుంది. వాడు మాకు దొరకలేదు. సముద్రం ఉంచేసుకున్నవాళ్ల పేరు మా ఇంట్లో పలకం. మా నాయనమ్మ పెట్టిన కట్టుబాటు అది. ఏడాదికొకసారి, వాడు వెళ్లిన రోజున, తల్లి ఒక్కతే నీళ్లలోకి దిగి ఆ పేరుతో ఒకే ఒక్కసారి పిలుస్తుంది. మిగతా ఏడాదంతా ఎవరూ నోరెత్తకూడదు. మాటిమాటికీ వాడితే పేరు అరిగిపోతుందని, పిలుపుకి బలం ఉండదని మా నాయనమ్మ నమ్మకం.

ఆ రోజు వచ్చింది. పొద్దున్నే నలుగురం ఒడ్డుకి వెళ్లాం. మేడం కూడా వస్తానంటే అప్ప సరేనంది. మేం ఇసకలో ఆగిపోయాం. అప్ప మోకాళ్ల లోతు నీళ్లలోకి నడిచి, కొప్పు ముడి సరిచేసుకుని, గొంతెత్తడానికి ఊపిరి పీల్చింది.

"రా... గంప... ఐసు..."

తుళ్లిపడి నోరు మూసుకుంది. మళ్లీ ఊపిరి తీసుకుంది. "వంజరం" అంది. చెంప మీద ఛెళ్లున కొట్టుకుంది. ఇంకోసారి ప్రయత్నించింది. ఏవేవో మాటలు, రోజూ వాడేవి, సిద్ధంగా కూర్చున్నవి, ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. కావలసింది రావడం లేదు. అప్ప వెనక్కి తిరిగి మా వైపు చూసింది.

"ఒరే ఎల్లాజీ, నా కొడుకు పేరేట్రా? ఆడి ముకం కనిపిస్తంది, ఆడి నడక కనిపిస్తంది, ఆడు సిన్నప్పుడు నాది ఏ సెవి పట్టుకుని పడుకునేవోడో కూడా గురుతుంది. పేరు నేదురా. పేరేటైపోనాది?"

ఎంత చక్కగా అడిగిందో! ఒక్క తడబాటు లేదు, ఒక్క అక్షరం జారలేదు. అంత చక్కటి మాట నేను జీవితంలో విని ఉండను, అంత భయపడీ ఉండను.

బావ నోరు తెరిచాడు. అప్ప గబగబా నీళ్లలోంచి వచ్చి, తడిచేతిని అతని నోటికి అడ్డం పెట్టింది. "సెప్పకు. నువ్వు సెప్తే అది నీ మాట. పిలవాల్సింది నాను."

అప్పుడు అర్థమైంది నాకు. ఎక్కువ వాడేదాన్ని దగ్గరుంచు, వాడనిదాన్ని జరిపెయ్యి అని చెప్పింది నేనే. ఆఫీసు కాగితాలకి అది సరిపోతుంది. మా ఇంట్లో అన్నిటికంటే విలువైన మాట ఎవరూ వాడని మాట. బిళ్ల దాన్ని ఒక్కసారైనా వినలేదు. నేనైనా వినిపించాలి కదా! మొదట్లో బంధువుల పేర్లన్నీ నా గొంతుతోనే చదివి దానికి నేర్పాను. అత్తల పేర్లు, మామల పేర్లు, ఆఖరికి రేవులో కుక్క పేరు కూడా చదివాను. ఆ ఒక్క పేరు దగ్గర ఆచారం అడ్డొచ్చింది, నోరు రాలేదు, దాటేశాను. మా కట్టుబాటు తెలియని పరాయివాడెవడైనా ఆ పని చేసి ఉంటే అప్ప కొడుకు పేరు కూడా తప్పకుండా చదివేవాడు. వాడితే అరిగిపోతుందని మా నాయనమ్మ, వాడకపోతే పోతుందని నా యంత్రం. ఇద్దరి మధ్యా అప్ప నలిగిపోయింది.

ప్రయోగశాలలో రజియా మేడం తెర మీద అప్ప మెదడు పటం చూపించారు. మేలుకున్న మాటలు వెలుగు చుక్కలై రేవు దీపాల్లాగా మినుకుమంటున్నాయి. వాటి అవతల నల్లగా ఉన్న చోటు మీద ఆవిడ వేలు పెట్టారు.

"పోలేదు. అడుక్కి దిగిపోయింది. పైన ఉన్నవి చోటు చాలక దాన్ని తొక్కుకుంటూ దించేశాయి. బిళ్ల ఇలాగే ఉంటే ఇంకా దిగుతుంది, కొన్నాళ్లకి నిజంగానే పోతుంది."

"తీసేస్తే?" అన్నాడు బావ.

"మాట మళ్లీ మెల్లగా వస్తుంది. మునుపటికంటే ఇంకా మెల్లగా రావచ్చు. వేలం పాడటం కుదరదు. పేరు తిరిగొస్తుందని నేను మాట ఇవ్వలేను."

నేను వెంటనే లేచాను. దారి ఉందన్నాను. ఎన్నటికీ దించకూడని మాటగా ఆ పేరుకి గుర్తు పెట్టొచ్చు. ఒక్కసారి కళ్లు మూసుకుని నేనే దాన్ని చదివి ఎక్కిస్తాను. అప్పుడు ఎప్పుడూ పైనే ఉంటుంది, నాలుక చివరే ఉంటుంది, తలుచుకోకముందే వచ్చేస్తుంది. మాటా ఉంటుంది, పేరూ ఉంటుంది. ఇంత తేలికైన సంగతికి ఇంత దిగులెందుకు?

అప్ప నన్ను చాలాసేపు చూసింది. ఈ మధ్య ఆమె ఎవరినీ అంతసేపు చూసి మాట్లాడింది లేదు.

"ఆడి పేరు తెచ్చి ఐసు పక్కన, గంప పక్కన కూకోబెడతావేటిరా? సేపలమ్ముతుంతే మద్దిలో ఊడిపడాలేటి ఆడి పేరు? నాను ఎతుక్కుని ఎల్లాలిరా ఆడి కాడికి. ఎల్లే దారంతా ఆడే ఉంతాడు కదేటి."

బావ తల వంచుకుని తుండుతో ముఖం తుడుచుకున్నాడు. రజియా మేడం లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఆవిడ దగ్గర బిళ్ల కోసం ఎదురుచూస్తున్న రోగులు చాలామంది ఉన్నారు. కాస్సేపటికి ఇటు తిరిగి, "వాళ్లందరికీ ముందు ఈ సంగతి చెప్తాను కాసులమ్మగారూ. చెప్పకుండా ఎవరి చెవికీ అంటించను. మీది ఎప్పుడు తియ్యమంటారు?" అని అడిగారు.

"రేపు సాయంత్రం" అంది అప్ప. "ఒక పాట పాడీసొస్తాను."

మర్నాడు రేవులో ఆమె పాడిన పాటని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆఖరి కుప్ప తెగిన తరవాత చేతులు కడుక్కుని, అందరినీ దగ్గరికి పిలిచింది. "రేపట్నించి నా మాట మెల్లిగా వస్తాది. ఆగగలిగినోలు ఆగండి, ఆగలేనోలు ఎల్లిపోండి. మాట మాత్రం అందించకండి, మీకు పున్నెముంతాది" అంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా అందరూ తలలూపారు.

ఆ మధ్యాహ్నం బావని అరుగు మీద ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కాకినాడ కబురు మళ్లీ చెప్పమంది. అతను అనుమానంగా మొదలుపెట్టాడు. ఇంజను ఆగిన చోటు వచ్చింది. అప్ప పెదవులు కదిలాయి, మాట పళ్ల దాకా వచ్చి ఉంటుంది. పైట కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లతో నవ్వుతూ కూర్చుంది. బావ ఆ కబురుని మొత్తం చెప్పాడు. ఈసారి అందులో ఒక సొర చేప కూడా వచ్చి చేరింది. సాయంత్రం మేడం స్వయంగా వచ్చి బిళ్ల తీశారు.

తరవాతి రోజులు కష్టంగా గడిచాయి. మాట మునుపటికంటే మెల్లగా వచ్చేది. ఇంట్లో మేం నేర్చుకోవలసిందల్లా ఒక్కటే, ఊరుకోవడం. అది ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. ఆమె "ఉ..." అంటుంది, ఉప్పు గిన్నె వైపు చెయ్యి దానంతటదే పోతుంది. పట్టుకుని ఆపాలి. ఆమె పూర్తిగా అనేదాకా ఆగాలి. బావ తొందరగానే నేర్చుకున్నాడు, వల వేసి కాచుకునే మనిషి కదా. నాకే చేత కాలేదు.

ఆ ఏడాది పిలుపు ఇంకా బాకీగానే ఉంది. ఒక పొద్దున్న అప్ప నా చెయ్యి పట్టుకుని లాగింది. ఎక్కడికో చెప్పలేదు, నేనూ అడగలేదు. బావ వెనకే వచ్చాడు. సూర్యుడు నీళ్లలోంచి పూర్తిగా బయటికి రాలేదు. అప్ప మోకాళ్ల లోతుకి దిగి నిలబడింది. మేం ఇసకలో ఆగాం.

చాలాసేపు ఏమీ లేదు. ఊపిరి తీసుకుంటోంది, వదులుతోంది. పెదవులు ఒక ఆకారంలోకి వస్తున్నాయి, విడిపోతున్నాయి. కెరటం వచ్చి చీర తడిపింది, వెనక్కి పోయింది. తిరిగొచ్చిన బోట్ల మీద నుంచి మనుషులు దిగుతున్నారు. గంపలు మోసుకొచ్చే ఆడవాళ్లు ఆమెని చూసి, దగ్గరికొచ్చి, గంపలు దించి నిలబడ్డారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. చేపలు మెత్తబడతాయని కూడా ఎవరూ అనలేదు.

మొదటి అక్షరం వచ్చింది. గొంతులో సగం, గాలిలో సగం. అంతటితో ఆగిపోయింది.

నా నోట్లో ఆ పేరు మొత్తం సిద్ధంగా ఉంది. పళ్ల వెనక, నాలుక మీద, ఒక్క ఊపిరి దూరంలో ఉంది. జీవితమంతా నేను చేసిన పని అదే కదా, అడగకముందే తెచ్చి ముందు పెట్టడం. ఒక్క అక్షరం అందిస్తే చాలు, ఆమె బాధ తీరిపోతుంది అనిపించింది. పిడికిళ్లు బిగించుకున్నాను. బావ నా మోచేతిని గట్టిగా పట్టుకున్నాడు. నన్ను ఆపడానికో, తనని తాను ఆపుకోవడానికో నాకు తెలియదు.

అప్ప ఆ అక్షరాన్ని వదిలేసి మళ్లీ మొదట్నించి మొదలెట్టింది. ఎండ వీపుకి తగులుతోంది. ఆమె ముఖంలో కష్టం ఉంది, కానీ భయం లేదు. ఎవరినో చూస్తున్నట్టుంది. చీకటి ఇంట్లో తడుముకుంటూ నడిచే మనిషి అక్కడున్న ఒక్కొక్క వస్తువునీ చేత్తో గుర్తుపట్టినట్టు, ఏదో తడుముతోంది, ఏదో గుర్తుపట్టి నవ్వుతోంది, మళ్లీ ముందుకి పోతోంది. ఆ దారంతా వాడే ఉంటాడని ఆమె అన్న మాటకి అర్థం నాకు ఆ క్షణంలో కళ్లెదుట కనిపించింది. యంత్రాలన్నీ కలిపి తెరిచిన కిటికీలకంటే పెద్దదేదో ఆ మనిషి లోపల, తనంతట తాను, తనకి నచ్చినంత నిదానంగా తెరుచుకుంటోంది. దాని ముందు నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పేరు వచ్చింది.

అరుపుగా రాలేదు. పిలుపుగా వచ్చింది, అన్నం వేళకి గుమ్మంలో నిలబడి పిలిచినట్టు. ఒక్కొక్క అక్షరమూ మధ్యలో ఊపిరితో వచ్చి, చివరి అక్షరం నీళ్ల మీద చాలా దూరం పోయింది. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆమెది. గంపల దగ్గర నిలబడిన ఆడవాళ్లు పైటలతో కళ్లు ఒత్తుకున్నారు.

అప్ప నీళ్లలోంచి బయటికి వచ్చింది. బావ ఎదురెళ్లి చెయ్యి అందించాడు.

"ఇంటికెల్దామేటే?" అన్నాడు.

అప్ప అతని వైపు చూసి పెదవులు కదిపింది. బదులు ఇంకా లోపలెక్కడో ఉంది. బావ ఆగాడు, నేను ఆగాను, గంపలెత్తబోయిన ఆడవాళ్లు కూడా మళ్లీ కింద పెట్టి ఆగారు.